ఆఫీసుకి వెళ్లిరావడానికి మస్టాంగా, జీఆర్86ఆ?

ప్రశ్న: అన్నా, నేను డాలస్ వచ్చి ఏడాది దాటింది. ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్, ప్లేనోలో ఆఫీసు. ఇన్నాళ్లూ రూమ్మేట్ కారులో నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా కొనుక్కోవాలని ఉంది. ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్, టొయోటా జీఆర్86, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. క్యామ్రీ కొనుక్కోమని మాత్రం చెప్పకు, ఆ మాట ఇంట్లోవాళ్లు రోజూ ఫోన్లో చెబుతూనే ఉన్నారు. వచ్చే ఏడాది అమ్మానాన్న వస్తారు.

జవాబు: సరే తమ్ముడూ, క్యామ్రీ ఊసెత్తను. పెళ్లీ పిల్లలూ అయ్యాక రెండు తలుపుల బండి కొంటానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కొనేదేదో ఇప్పుడే కొనుక్కో.

నా ఓటు ముందే చెప్పేస్తాను. నువ్వు చెప్పిన దారికి, నువ్వున్న పరిస్థితికి మస్టాంగ్. నా మనసు లాగేది మాత్రం జీఆర్86 వైపే. అయినా నీకు దాన్ని ఎందుకు చెప్పడం లేదంటే, ఆ బండిలో ఉన్న గొప్పంతా నీ ఆఫీసు దారిలో బయటపడదు.

జీఆర్86లో 2.4 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, 228 హార్స్‌పవర్. మస్టాంగ్‌లో 2.3 లీటర్ల టర్బో, 315. కుర్రాళ్లందరూ ఈ రెండంకెల మీదే కొట్టుకుంటారు. పొద్దున్న ఎనిమిదింటికి 635 హైవే మీద బంపర్‌కి బంపర్ ఆనించి పాకుతున్నప్పుడు 228 ఏంటి, 315 ఏంటి! చూడాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. మస్టాంగ్‌ది 350 పౌండ్-ఫీట్, జీఆర్86ది 184. టోల్‌వే ర్యాంప్ మీద నుంచి వేగంగా పోయే వరసలోకి చొరబడాలంటే మస్టాంగ్‌లో కాలు కాస్త ఆనిస్తే చాలు. జీఆర్86లో గేరు కిందికి దించి, ఇంజన్‌ని అరిపించి తెచ్చుకోవాలి. ఏడు వేల ఆర్‌పీఎం దాకా లాగుతుంటే దాని మజాయే వేరు, కాదనను. కానీ ఇర్వింగ్ నుంచి ప్లేనో దాకా అలా లాగే చోటు ఎక్కడుంది?

పెట్రోలు లెక్క చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. చిన్న బండి, తేలిక బండి తక్కువ తాగుతుందని అందరూ అనుకుంటారు. ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్కల్లో మాన్యువల్ జీఆర్86 సిటీ, హైవే కలిపి గ్యాలన్‌కి 22 మైళ్లే. మామూలు ఎకోబూస్ట్ 26. పైగా టొయోటా ఖరీదైన ప్రీమియం పెట్రోలే పోయమంటుంది, మస్టాంగ్ మామూలు రెగ్యులర్‌తో సరిపెట్టుకుంటుంది. ఆ 315 హార్స్‌పవర్ ప్రీమియం పోస్తేనే వస్తుందని ఫోర్డ్ చిన్న అక్షరాల్లో రాస్తుంది, అయినా ఆఫీసుకి వెళ్లడానికి ఆ తేడా ఎవరికి కావాలి. ఏడాదికి 10,000 మైళ్లు తిరుగుతావనుకో, జీఆర్86కి 455 గ్యాలన్ల ప్రీమియం, మస్టాంగ్‌కి 385 గ్యాలన్ల రెగ్యులర్. ఆటోమేటిక్ జీఆర్86 తీసుకుంటే మైలేజీ తేడా చాలావరకు పోతుంది. కానీ ఆటోమేటిక్‌లో జీఆర్86 కొనడం నా లెక్కలో డబ్బు దండగ. ఆ బండిని చేసిందే గేర్లు మార్చుకుంటూ నడిపేవాళ్ల కోసం. మస్టాంగ్‌లో ఆ తర్జనభర్జనే లేదు. 2024 మోడల్ నుంచి ఎకోబూస్ట్ 10 గేర్ల ఆటోమేటిక్‌లోనే వస్తోంది, మాన్యువల్ కావాలంటే వీ8 ఉన్న జీటీ కొనాలి.

ఇండియాలో మాన్యువలే నడిపాను కదా, నాకేం కష్టమని అనుకుంటావేమో. నడపడం కష్టం కాదు. పెడళ్లు అదే వరస, గేరు కుడిచేతికి వస్తుంది, వారంలో అలవాటైపోతుంది. కష్టమల్లా సాయంత్రం ట్రాఫిక్‌లో. మాన్యువల్ జీఆర్86లోనూ 2024 నుంచి ముందు బండిని బట్టి వేగం తనే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ ఇస్తున్నారు గానీ, ముందు బండి ఆగితే నిన్ను ఆపి మళ్లీ కదిలించడం దానివల్ల కాదు, క్లచ్ నీ కాలి కిందే ఉంటుంది మరి. మస్టాంగ్‌లో ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో పనిచేసే క్రూజ్ దొరుకుతుంది. అన్ని ట్రిమ్‌లలో (అదే మోడల్‌లోని రకాల్లో) రాదు, కిటికీకి అంటించిన స్టిక్కర్ మీద ఆ పేరు కనిపించాకే బేరం మొదలుపెట్టు. రోజూ ఆ దారిలో పడి వచ్చేవాడికి హార్స్‌పవర్ కంటే ఇది విలువైంది.

ఇక అమ్మానాన్న సంగతి. రెండింటిలోనూ వెనక సీట్లు ఉన్నాయని డీలర్ చెబుతాడు. జీఆర్86లో ఉన్నది బ్యాగు పెట్టుకునే అర అనుకో. దాని డిక్కీ 6 క్యూబిక్ అడుగుల చిల్లర, మస్టాంగ్‌ది 13 పైన. ఇండియా నుంచి దిగే ఇద్దరికీ తలా రెండు 23 కిలోల సూట్‌కేసులు ఉంటాయి కదా. ఎయిర్‌పోర్టుకి ఏ బండిలో వెళ్లినా ఇంకో కారున్న ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్లక తప్పదు. కాస్త దూరానికైతే మస్టాంగ్ వెనక సీట్లో అమ్మ ఒకవైపు కాళ్లు వాల్చుకుని కూర్చోగలదు. జీఆర్86లో అదీ కుదరదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన అంత కిందికున్న సీట్లోంచి ఎలా లేస్తాడో ఒకసారి ఊహించుకో. ముందు ఒక కాలు బయట పెట్టి, డోరు ఫ్రేమ్ పట్టుకుని, నీ చెయ్యి ఆసరా తీసుకుని, రెండోసారికో మూడోసారికో లేస్తాడు. మస్టాంగ్ కూడా కిందికే ఉంటుంది, కాకపోతే కాస్త నయం. వాళ్లున్నన్నాళ్లూ వీకెండ్‌కి పెద్ద బండి రెంట్‌కి తీసుకో, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

రెండు తలుపుల బండికి తలుపులు పొడవు. అపార్ట్‌మెంట్ కవర్డ్ పార్కింగ్‌లో ఒకపక్క స్తంభం, ఇంకోపక్క ట్రక్కు ఉన్నాయంటే తలుపు జానెడు తెరుచుకుంటుంది, ఊపిరి బిగబట్టి లంచ్ బ్యాగుతో సహా పక్కకి జారాలి. ఈ తిప్పలు మస్టాంగ్‌లో ఎక్కువ. కొనేముందు నీ స్పాట్‌లో పెట్టి దిగి చూడు, డీలర్లు టెస్ట్ డ్రైవ్‌లో ఆ మాత్రం దూరం రానిస్తారు. అలాగే మన టోల్‌వేలు చాలావరకు కాంక్రీటు, అతుకు అతుక్కీ టపటపమని చప్పుడు. జీఆర్86లో ఆ చప్పుడంతా లోపలే ఉంటుంది. పొద్దున్నే స్టాండప్ కాల్ బండిలో వినే అలవాటుంటే ఇది చిన్న విషయం కాదు.

అసలు విషయం ఇన్సూరెన్స్. బండి ధర రెండింటికీ 30 వేల డాలర్ల పైచిలుకే, అక్కడ పెద్ద తేడా లేదు. ఇన్సూరెన్స్ దగ్గర గుండె ఆగుతుంది. ఇండియాలో పదేళ్లు నడిపినా చాలా కంపెనీలు దాన్ని సున్నాగానే చూస్తాయి, నీ టెక్సస్ లైసెన్స్ తారీఖు నుంచే లెక్క. పాతికేళ్ల లోపైతే ఇంకాస్త. టెక్సస్‌లో క్రెడిట్ హిస్టరీని కూడా చూస్తారు, నీది ఏడాది పాతది. వీటి మీద స్పోర్ట్స్ కారు. అందుకని డీలర్ దగ్గర సంతకం పెట్టకముందే రెండు బండ్ల విన్ నంబర్లూ (బండి గుర్తింపు నంబర్లు) తీసుకుని, నాలుగైదు కంపెనీల్లో ఒకే కవరేజీతో కోట్ అడుగు. ఏ బండికి ఎంతో నేను చెప్పలేను, ఒకే మనిషికి కంపెనీ మారితే రేటు ఎక్కడికో పోతుంది. టెక్సస్‌లో కనీస లయబిలిటీ, అంటే నీ తప్పుకి అవతలివాళ్లకి కట్టే కవరేజీ, 30/60/25. వేల డాలర్లలో ఒక మనిషి గాయాలకి, ఒక ప్రమాదంలో అందరి గాయాలకీ కలిపి, ఆస్తికి. ఆ చివరి పాతిక వేలు అవతలివాడి ఆస్తి నష్టానికి. ఈ రోడ్ల మీద నువ్వు గుద్దే బండి పాతికవేల లోపు ఖరీదు చేస్తుందని ఏ ధైర్యంతో అనుకుంటావ్? 100/300/100 కంటే తక్కువ తీసుకోకు. లోన్ ఉంటే కొలిజన్ (గుద్దుకుంటే నీ బండికి), కాంప్రిహెన్సివ్ (వడగళ్లు, దొంగతనం లాంటివాటికి) ఎలాగూ అడుగుతారు. లోన్ తీరాక కూడా కాంప్రిహెన్సివ్ తియ్యకు. వసంతంలో వడగళ్లు పడితే కవర్డ్ పార్కింగ్ లేనివాడి బానెట్ ఎలా ఉంటుందో నీ కాంప్లెక్స్‌లోనే చూసి ఉంటావు.

లోన్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. క్రెడిట్ యూనియన్‌లో ముందు అప్రూవల్ తెచ్చుకో, డీలర్ దగ్గర ‘అవుట్ ది డోర్’, అంటే అన్నీ కలిపి చివరికి ఎంత అన్న ఒక్క అంకే అడుగు, 6.25 శాతం సేల్స్ టాక్స్‌తో సహా. నెలకి ఎంత కట్టగలవని వాడు అడిగితే జవాబు చెప్పకు. టైర్లలో నైట్రోజన్, పెయింట్ ప్రొటెక్షన్ లాంటివన్నీ కొట్టేయించు. 84 నెలల లోన్ వద్దు, నీ ఐ-94 (ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు కాగితం) అంతకాలం ఉండదు.

టైర్ల గురించి ఒక మాట. జీఆర్86 ప్రీమియం ట్రిమ్‌కి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 సమ్మర్ టైర్లు వస్తాయి. ఎండలో రోడ్డుని కరిచిపట్టుకుంటాయి, చలి 40 ఫారెన్‌హీట్ కిందికి దిగితే గట్టిపడి పట్టు వదిలేస్తాయి. రెండు బండ్లూ వెనక చక్రాల మీద నడిచేవే. ఇక్కడ చలి నాలుగు రోజులే కదా అనుకోకు. 2021 ఫిబ్రవరిలో ఫోర్ట్‌వర్త్ ఐ-35 వెస్ట్ మీద సన్నటి మంచు పొరకి 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అలాంటి రోజున ఏ టైర్లయినా బయటికి తియ్యకుండా వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకో. మిగతా చలికాలానికి ఆల్ సీజన్ టైర్లు చాలు.

ఇంత చెప్పాక కూడా జీఆర్86 మీదే మనసుంటే, మూడు షరతులు. ఆఫీసు పది గంటలకి మార్చుకోగలగాలి, వీకెండ్‌లో ఓక్లహామా కొండదారుల వైపో, ట్రాక్ డేకో నిజంగా వెళ్లే ఉత్సాహం ఉండాలి, ఇన్సూరెన్స్ కోట్‌లో మస్టాంగ్ కంటే తక్కువ రావాలి. ఈ మూడూ కుదిరితే మాన్యువల్ తీసుకో, నేనే వచ్చి ఒక రౌండ్ నడిపి ఇస్తాను.

ఏది కొన్నా, 2025 జులై నుంచి టెక్సస్‌లో తాత్కాలిక పేపర్ నంబరు ట్యాగులు లేవు, డీలరే మెటల్ ప్లేటు బిగించి ఇస్తాడు. ఆ నంబరు ఆ రాత్రే నీ టోల్‌ట్యాగ్ అకౌంట్‌లో ఎక్కించు. లేదంటే ప్లేటు ఫొటో తీసి పంపే జిప్‌క్యాష్ టోల్ బిల్లులు ఎక్కువ రేటుకి ఇంటికొస్తాయి, అవి పాత అడ్రస్‌కి వెళ్లాయంటే వాటి మీద ఫైన్లు.