లింకు సంగతి తర్వాత, ముందు స్క్రీన్‌షాట్ తీయి అల్లుడూ

అల్లుడూ,

ఆ ట్రావెల్ సైటు వాళ్ళు తిరుచానూరులో మీ హోమ్‌స్టే పేజీకి లింకు పెట్టి, మీ గదుల మీద కమీషన్ తింటున్నారని నిన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. వెంటనే నోటీసు కొట్టించాలన్నావు, ఒక్క వారం ఆగు.

అందరికీ కనిపించే పేజీకి ఉత్త లింకు పెట్టినందుకు కేసు గెలవడం కష్టం. 2014లో స్వెన్సన్ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అలాంటి లింకుకు అనుమతి అక్కర్లేదంది. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడక్కర్లేదు గానీ, అవతలి లాయరు మొదట తీసేది అదే.

అయితే రాత్రి నేనూ ఆ సైటు తెరిచి చూశాను. పైన పసుపు పట్టీలో వాళ్ళ పేరు, దాని కింద మీ పేజీ మొత్తం, వాకిట్లో మా అక్క వేసిన ముగ్గు ఫోటోతో సహా, పక్కన వాళ్ళ ప్రకటనలు. చూసినవాళ్ళు హోమ్‌స్టే వాళ్ళదే అనుకుంటారు, నీ బలం అక్కడుంది. మీ పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ కాకపోయినా పాసింగ్ ఆఫ్ దావా, అంటే ఎవరి వ్యాపారం ఎవరిదో జనం పొరబడేలా చేసినందుకు వేసే దావా, వేయొచ్చు, డొమైన్ పేరుకు, అంటే వెబ్‌సైట్ అడ్రసుకు కూడా ఆ రక్షణ ఉందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఫోటో మీద నొక్కి దాని అడ్రస్ చూడు. వాళ్ళ సైటు పేరు వస్తే కాపీ చేసుకున్నట్టే, అది కాపీరైట్ కింద సూటిగా పట్టుకోవచ్చు. స్టూడియో అబ్బాయికి డబ్బులిచ్చి తీయించావు కదా, వేరే ఒప్పందం లేకపోతే హక్కు నీదే, ఆ రసీదు వెతికి పెట్టు.

లాడ్జి నడిపే రోజుల్లో నాకూ ఇలాగే జరిగితే కోపం ఆపుకోలేక ఫోన్ చేసి తిట్టేశాను. సాయంత్రానికల్లా ఆ పేజీ మాయం, నా చేతిలో ఒక్క కాగితం లేదు. అందుకే ముందు తేదీ, అడ్రస్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయి, బుకింగ్ నొక్కితే డబ్బు ఎవరికి పోతోందో వీడియో తీయి, అసలు ఫైళ్ళు తుడిచేయొద్దు. కోర్టులో వీటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికిచ్చే సర్టిఫికెట్ కావాలి. అవన్నీ అయ్యాకే, మీ పేజీ వేరే సైటు ఫ్రేములో, అంటే ఇప్పుడున్నట్టు వాళ్ళ పేజీ లోపల, తెరుచుకోకుండా చేయమని మీ వెబ్‌సైట్ కుర్రాడికి చెప్పు, చిన్న పనే.

నోటీసులో బెదిరింపు వద్దు. ఆధారం లేకుండా కాపీరైట్ కేసు వేస్తామంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద వాళ్ళే నీ మీద దావా వేయొచ్చు. ఏ పేజీ, ఏ ఫోటో, ఎన్నాళ్ళలో తీయాలి, అంతే రాయించు. కోర్టుదాకా పోయినా కాపీరైట్ దావాకు వాళ్ళ ఊరు తిరగక్కర్లేదు, నీ వ్యాపారం ఉన్నచోటే వేయొచ్చు. దావా విలువ 3 లక్షలో, అంతకు మించో అయితే, అర్జెంటుగా స్టే అడగనప్పుడు ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్‌కు) పోవాలి.

ఆదివారం ఆ రసీదు తీసుకుని చిత్తూరు రా, లాయరు ఇంటికి ఇద్దరం పోదాం.

మీ మామయ్య