పాత బాకీకి ఏజెంట్లు వెంటపడుతుంటే ముందు తారీఖులు చూసుకోండి, తరువాతే సంతకం

2018 జూలైలో చివరి వాయిదా కట్టి ఆగిపోయిన పర్సనల్ లోన్ కోసం ఇప్పుడు ఏజెంట్లు రోజూ ఫోన్ చేస్తున్నారనీ, రెండు వేలు టోకెన్‌గా కట్టి ఒక కాగితం మీద సంతకం పెడితే ఫైలు ఆపేస్తామంటున్నారనీ, ఏం చేయాలనీ మీరు అడిగారు. దయచేసి ఇప్పుడే ఏమీ కట్టకండి, దేని మీదా సంతకం పెట్టకండి. ఇదే పరిస్థితి 2019లో మలక్‌పేటలోని మా ఇంట్లో నాకు ఎదురైంది.

నాది క్రెడిట్ కార్డు బాకీ. 2014 ఏప్రిల్‌లో ఉద్యోగం పోయాక కట్టలేకపోయాను. ఐదేళ్ల తరువాత ఒక సాయంత్రం ఇద్దరు వచ్చి, నేను ఇంట్లో లేని సమయంలో మా అమ్మను గుమ్మంలో నిలబెట్టి, మీ అబ్బాయిని పోలీసులు తీసుకుపోతారని బెదిరించారు. నేను వచ్చి పెన్ను తీశాను కూడా. వాళ్లిచ్చిన కాగితంలో మొత్తం బాకీని ఒప్పుకొని చెల్లిస్తానని హామీ ఇస్తున్నట్లు రాసి ఉంది. సంతకం చేయవలసిన చోట పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది, తారీఖు గడి మాత్రం ఖాళీ. ఊళ్లో ఏళ్ల తరబడి ప్రోనోట్లు రాసిన మా బాబాయి ఆ రోజు మా ఇంట్లోనే ఉండడం నా అదృష్టం. ఆయన కాగితం అందుకొని చదివి, "ఇది మురిగిపోయిన నోటును తిరగరాయించుకోవడమే, పెన్ను లోపల పెట్టు" అన్నారు. దావా వేసే గడువు దాటిన నోటునే మురిగిపోయిందంటారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి తాకట్టు లేని అప్పుల మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల మీరు రాతపూర్వకంగా బాకీ ఒప్పుకొని సంతకం చేసినా, మీ చేతిరాతతోనో సంతకంతోనో రుజువయ్యేలా కొంత జమ చేసినా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. గడువు దాటిన తరువాత కట్టిన చిన్న మొత్తం ఒక్కటే బాకీని బతికించదు గానీ, చెల్లిస్తానని సంతకం చేసి ఇచ్చిన హామీ మాత్రం కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద కొత్త ఒప్పందంగా నిలుస్తుంది. టోకెన్ డబ్బు కంటే దానితో పాటు వచ్చే కాగితం ప్రమాదకరమని నేను అనేది అందుకే. ఈమెయిల్‌లో ఒప్పుకున్న మాటను కూడా కోర్టులు లెక్కలోకి తీసుకున్న సందర్భాలున్నాయి కాబట్టి అక్కడా జాగ్రత్తగా రాయండి.

మీ లెక్క నా లెక్కంత సులువు కాదు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్క నుంచి మినహాయించింది. చివరి వాయిదా నుంచి లెక్కిస్తే 2020 మార్చి నాటికి మీకు సుమారు పదహారు నెలలు మిగిలి ఉన్నాయి. అవి 2022 మార్చి 1 నుంచి మొదలై 2023 జూలై ప్రాంతంలో ముగుస్తాయి. మధ్యలో మీరు ఏదైనా కట్టలేదని, రాసివ్వలేదని నిర్ధారించుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. బాకీని వేరే కంపెనీ కొనుక్కున్నంత మాత్రాన గడువు కొత్తగా మొదలు కాదు.

అయితే గడువులోనే వాళ్లు దావా వేసి, మీరు హాజరు కాకపోవడంతో డిక్రీ, అంటే బాకీ కట్టాలనే కోర్టు తీర్పు, పొంది ఉండే అవకాశం ఉంది. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువుంటుంది. కాబట్టి కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరుతో వెతకండి, సమన్లు ఏవైనా వస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలేయకండి.

నేను మరునాడే బ్యాంకుకు స్పీడ్ పోస్టులో లేఖ పంపాను. బాకీని ఒప్పుకోకుండానే ఖాతా స్టేట్‌మెంటు, చివరి చెల్లింపు తేదీ, ఏజెంటుకు ఇచ్చిన అధికార పత్రం అడిగి, ఇకపై అమ్మతో మాట్లాడవద్దని రాశాను. ముప్పై రోజుల్లో జవాబు రాలేదు. సైఫాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు కార్యాలయంలో ఉండే ఓంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, ఫిర్యాదు చేశాను. ఇంటికి రావడం ఆగింది. ఇప్పుడు ఆ ఫిర్యాదును ఆన్‌లైన్‌లో ఉచితంగా చేయవచ్చు. పైగా 2022 ఆగస్టు నుంచి ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు స్పష్టమైన ఆదేశం ఉంది, కాబట్టి ప్రతి ఫోన్ సమయం రాసిపెట్టుకోండి. కేవలం అప్పు తీర్చలేకపోవడం నేరం కాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మా అమ్మకు ఆ ముక్క నేను ముందుగా చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

గడువు దాటినా బాకీ మాసిపోదు, కోర్టు ద్వారా వసూలు చేసే దారి మాత్రమే మూసుకుపోతుంది. క్రెడిట్ రిపోర్టులో మచ్చ కూడా కొన్నేళ్లు ఉంటుంది. వాడుకున్న డబ్బు కాబట్టి నేను అసలు సొమ్ము కట్టదలిచాను. ఏజెంటుకు కాకుండా నేరుగా బ్యాంకుతో మాట్లాడి, ఇంత కడితే ఖాతా పూర్తిగా ముగిసినట్లేనని లేఖ తీసుకొని, ఆ తరువాతే డబ్బు పంపాను. లేఖ, రశీదు, బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఒకే కవరులో దాచాను. 2023లో మరో కంపెనీ పేరుతో అదే బాకీకి ఫోన్ వచ్చినప్పుడు ఆ మూడింటి ఫోటోలు పంపాను. మళ్లీ ఎవరూ ఫోన్ చేయలేదు.