జాలి వేసినా జాలి చూపకపోవడం వైరుధ్యమా?

సందేహం: నేను రాసిన ఒక వ్యాసంలో ‘ఆమెకు అతని మీద జాలి వేసింది, కాని జాలి చూపలేదు’ అనే వాక్యం ఉంది. జాలి వేశాక చూపకపోవడమేమిటి, ఇందులో పూర్వాపర వైరుధ్యం ఉందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. జాలి వేయు, జాలిపడు, జాలి చూపు, దయ తలచు అన్నవన్నీ ఒకే అర్థమిచ్చే మాటలేనా? కష్టంలో ఉన్నవారిని చూసి ‘పాపం’ అనడం వారిని పాపులనడమే కాదా? సానుభూతి, సహానుభూతి అన్నవాటిలో ఏది సాధువు?

సమాధానం: మీ వాక్యంలో దోషం లేదు. మిత్రుడు వైరుధ్యమనుకున్నది నిజానికి తెలుగు క్రియలు ఎంతో జాగ్రత్తగా పాటించే ఒక భేదం.

‘వేయు’ అనే క్రియ ఆకలి, దాహం, చలి, భయం వంటి మాటలతో చేరినప్పుడు, ఆ అనుభవం మనిషి కోరకుండానే కలిగిందని తెలుపుతుంది. అందుకే అక్కడ ‘నేను’ అని కాక ‘నాకు’ అని అంటాం. ‘నాకు చలి వేసింది’ అన్నవాడు చలిని తెచ్చుకోలేదు. ‘ఆమెకు జాలి వేసింది’ అన్నప్పుడూ ఆమె చేసిన పని ఏదీ లేదు. ‘జాలిపడింది’ అంటే ఆమె ప్రథమావిభక్తిలోకి వస్తుంది గాని, బాధపడడం, భయపడడం లాగే అదీ మనసులోనే ముగిసిపోవచ్చు. ‘జాలి చూపింది’ అన్నప్పుడు మాత్రమే ఎదుటివాడికి చేరిన పని ఒకటి ఉంటుంది. ఈ తేడాను పరీక్షించడం సులభం. ‘నా మీద కాస్త జాలి చూపండి’ అని ఎవరినైనా అడగవచ్చు. ‘నా మీద జాలి వేయండి’ అని తెలుగు వచ్చినవారెవరూ అడగరు.

‘దయ’ తీరు మరొకటి. ‘దయ వేసింది’ అనే ప్రయోగమే లేదు. దయ కలగాలి, లేదా ఎవరైనా దయ తలచాలి. తలచడమంటే ఆలోచించడమే కనుక, ఆ పదబంధంలో మనసు కరగడంతోపాటు ఒక నిర్ణయం కూడా ఇమిడి ఉంది. ఇక ‘దయచేయు’ అన్నప్పుడు ఆ మాట ఏకంగా ఇవ్వడమనే అర్థానికి చేరింది. పోతన భాగవతంలో మాలాకారుడైన సుదాముడు కృష్ణుణ్ణి అపారమైన భూతదయను తనకు ‘దయచేయ’మని కోరుతాడు, ఒకే పద్యంలో దయ ఒకచోట భావంగానూ మరొకచోట క్రియలో భాగంగానూ నిలిచింది.

అంటే జాలి వేయడానికీ చూపడానికీ నడుమ భాష ఖాళీ ఉంచింది. ఆ ఖాళీలో ఏం జరుగుతుందన్నది వ్యాకరణం తేల్చే విషయం కాకపోయినా, మీ ‘పాపం’ సందేహం దానికి సంబంధించినదే కనుక కొంత చెప్పక తప్పదు. తనకు తగని కీడు ఒకరికి జరగడం చూసినప్పుడు, అటువంటిది తనకో తనవారికో జరగవచ్చుననిపించినప్పుడు కలిగే బాధే జాలి అని అరిస్టాటిల్ నిర్వచించాడు. ఇందులో రెండు షరతులున్నాయి: ఆ మనిషి దానికి తగడు, ఆ స్థితి మనకూ రావచ్చు. 20వ శతాబ్దంలో బెర్నార్డ్ వైనర్ అనే మనస్తత్వవేత్త మొదటి షరతును మరింత నిశితంగా పరిశీలించి, కష్టానికి కారణం ఆ మనిషి అదుపులో లేనిదని తోస్తే చూసేవారికి జాలి, అతని అదుపులో ఉన్నదేనని తోస్తే కోపం కలుగుతాయని, సాయం చేయడం, మానడం చాలావరకు దానిని అనుసరిస్తాయని చూపాడు.

‘పాపం’ అనే మాట ఈ తీర్పును రెండక్షరాల్లో చెప్పే అవ్యయం. ‘పాపం పండింది’ అన్నప్పుడున్న నామవాచకానికి, ‘పాపం, పసివాడు’ అన్నప్పుడున్న అవ్యయానికి వాడుకలో సంబంధం తెగిపోయింది. ఈ రెండోది విభక్తులను తీసుకోదు, వాక్యంలో ఎక్కడైనా ఒదుగుతుంది, అన్నింటికంటే ముఖ్యంగా నామవాచకానికి దాదాపు విరుద్ధమైన అర్థమిస్తుంది. ‘పాపం, పసివాడు’ సహజంగా ఉంటుంది. ‘పాపం, మోసగాడు’ అంటే మాత్రం వినేవారు తల ఎత్తి చూస్తారు. అది వెటకారమైనా కావాలి, ఆ మోసగాడి తరఫున చెప్పవలసిన సాకు ఏదో చెప్పేవారికి తెలిసైనా ఉండాలి. కనుక ‘పాపం’ అనడం పాపి అనడం కాదు, ఇతని తప్పేమీ లేదని ఒప్పుకోవడం. దీనికి ఎదురుగా నిలిచేది ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అనే లోకోక్తి. ‘ఖర్మ’ అనే మాట ఇంకా విచిత్రమైనది: ‘నా ఖర్మ’ అన్నవాడు జాలిని ఆశిస్తున్నాడు, ‘వాడి ఖర్మ’ అన్నవాడు జాలికి తలుపు మూస్తున్నాడు. మాట ఒకటే, సర్వనామం మారింది, అంతే.

అయితే జాలి చూపకపోవడానికి ప్రతిసారీ ఇటువంటి తీర్పే కారణమనుకోవడం సరికాదు. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రిన్స్‌టన్‌లోని మతవిద్యార్థులు ఒక భవనం నుంచి మరొక భవనానికి ప్రసంగం కోసం వెళ్తూ, దారిలో కూలబడి మూలుగుతున్న మనిషిని దాటవలసి వచ్చింది. తొందర లేనివారిలో 63 శాతం మంది ఆగి సాయపడగా, ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో 10 శాతం మందే ఆగారు. వారిలో కొందరు చేయబోయే ప్రసంగం, దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న సమరయుడి బైబిల్ కథ గురించే కావడం గమనార్హం. ఆగకుండా వెళ్లినవారిలో కొందరు ఆ తర్వాత కలవరపడుతూ కనిపించారని కూడా పరిశోధకులు రాశారు. వారికి జాలి వేసింది, చూపలేదు. మీ వాక్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూపలేను.

మీ వాక్యంలో మార్చదగినది ఏదైనా ఉంటే అది చివరి క్రియ. ‘చూపలేదు’ అంటే ఆమె చేయని పనిని మాత్రమే చెప్పినట్టు; ‘చూపలేకపోయింది’ అంటే ఏదో అడ్డుపడిందని చెప్పి ఆమె పక్షాన నిలిచినట్టు; ‘చూపదలచుకోలేదు’ అంటే నిర్ణయం ఆమెదేనని తేల్చినట్టు. ఈ మూడింటిలో మీరు ఉద్దేశించినదేదో మీకే తెలియాలి. ఇక్కడ మన వాడుకలోని ఒక చమత్కారాన్ని కూడా గమనించండి. సాయం చేసినవాడు ‘నేను దయ తలచాను’ అని కర్తృత్వాన్ని తీసుకుంటాడు. చేయనివాడు ‘నాకు మనసు రాలేదు’ అంటూ ‘కు’ ప్రత్యయం చాటుకు తప్పుకుంటాడు, మనసు ఎక్కడి నుంచో రావలసిన అతిథి అయినట్టు. దయ ఇవ్వడమే గాని ఆపడం మన పని కాదన్న ఈ నటనను అదే భాషలోని మరొక పలుకుబడి బయటపెడుతుంది: ‘గుండె రాయి చేసుకున్నాను.’ అక్కడ కర్త ఉన్నాడు, చేసిన పని ఉంది, ఆ పనికి పడిన ప్రయాస కూడా ఉంది.

జాలి, దయ అన్ని చోట్లా ఒకదానికొకటి బదులు రావని కూడా గుర్తుంచుకోవాలి. ‘మీ దయ వల్ల బాగున్నాం’ మర్యాద. ‘మీ జాలి వల్ల బాగున్నాం’ అంటే ఎత్తిపొడుపే.

సానుభూతి, సహానుభూతి రెండూ సాధువులే. ‘స’, ‘సహ’ రెండూ సమాసంలో కూడి ఉండడమనే అర్థాన్నే ఇస్తాయి, రెండింటిలోనూ సవర్ణదీర్ఘ సంధే జరిగింది. వాడుకలో మొదటిది పరామర్శకూ ఓదార్పుకూ స్థిరపడగా, ఎదుటివారి స్థితిలో తనను ఊహించుకోవడమనే అర్థంలో రెండో మాటను ఇటీవలి రచయితలు ప్రత్యేకించి వాడుతున్నారు. ఆ విభజన ఉపయోగకరమైనదే కనుక పాటించవచ్చు, పాటించనివారిని తప్పుపట్టనక్కరలేదు.