నూతన క్రియ అంటే రొయ్యల చెరువేనా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎకరం ఇరవై సెంట్ల పొలం ఉంది, సార్వా, దాళ్వా రెండూ వరే. ఒకవైపు చెరువులు వచ్చేశాయి, ఇంకోవైపు మా తోడికోడలివాళ్ళ వరి చేను. ఒకాయన మా పొలం కూడా రొయ్యల చెరువుకి లీజుకిమ్మని అడుగుతున్నాడు, వరి కౌలు కంటే చాలా ఎక్కువ వస్తుంది. జనవరి 1న మందిరంలో వాగ్దానం కార్డు (ఏడాదికి దేవుని మాటగా తీసుకునే వాక్యం చీటీ) తీస్తే యెషయా 43:19 వచ్చింది, "నేనొక నూతనక్రియ చేయుచున్నాను" అని. అందులోనే నదుల మాట కూడా ఉంది. ఆ తర్వాత ఉపవాస కూడికలో ఒక ప్రవక్త గారు నా తల మీద చెయ్యి పెట్టి "నీ పొలంలో నీళ్ళు కనబడుతున్నాయమ్మా" అన్నారు. మా ఆయన కువైట్‌లో ఉన్నారు, నీ ఇష్టం అంటున్నారు. అత్తగారు మాత్రం వద్దంటే వద్దంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. దేవుని చిత్తం స్పష్టంగా తెలిసేదెలా?
– ఒక సహోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వందనాలమ్మా. మీ ఉత్తరంలో కార్డు గురించి, ప్రవక్త గారి గురించి బాగానే రాశారు, మీ తోడికోడలి వరి గురించి మాత్రం ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నా మనసు ఆ ముక్క దగ్గరే ఆగింది. ముందు కార్డు సంగతి చూద్దాం.

యెషయా ఆ మాట చెప్పింది బబులోను చెరలో ఉన్న జనానికి. ఇల్లూ దేవాలయమూ పోగొట్టుకున్నవాళ్ళని దేవుడు వెనక్కి తీసుకొస్తానంటున్నాడు, దారి ఎడారైనా సరే నీళ్ళిస్తానంటున్నాడు. ఏటా మురుగు కాలువ పొంగి చేను మునిగిందని మొత్తుకునే మనకి ఎడారిలో నదులేమిటమ్మా? ఆ వాక్యంతో ధైర్యం తెచ్చుకోండి, తప్పులేదు. లీజు కాగితం మీద దేవుడు పెట్టిన సంతకం మాత్రం కాదది. ఇక ప్రవక్త గారి మాటంటారా, భీమవరం చుట్టుపక్కల ఎవరి పొలం చూసినా నీళ్ళే కనబడతాయి, దానికి దర్శనం దాకా అక్కర్లేదు. వెటకారం చేస్తున్నాననుకోకండి. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న పౌలే ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు (1 థెస్సలొనీక 5:20, 21). 1 రాజులు 13వ అధ్యాయం ఈ రాత్రే చదవండి. అక్కడ ఒక ముసలి ప్రవక్త, దేవదూత చెప్పాడని అబద్ధమాడి, ఇంకో దైవజనుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెడతాడు. దేవుడు తనతో సూటిగా చెప్పినదాన్ని పక్కనపెట్టి ఆ మాట నమ్మినవాణ్ణి దారిలో సింహం చంపింది.

నేనూ తక్కువ తినలేదు లెండి. పెళ్ళికి ముందు సఖినేటిపల్లి అవతల ఒక సంబంధం వచ్చింది. బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి, దాని మీదే మంచు పడి తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగినట్టు నేనూ ఒక గుర్తు పెట్టుకున్నాను: నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఏడింటిలోపు కదిలితే దేవుడు వెళ్ళమన్నట్టు, లేకపోతే వద్దన్నట్టు. ఆరూ యాభై అయింది, లారీ ఇంకా ఎక్కుతూనే ఉంది. నేనేం చేశానో తెలుసా? పంటు వాళ్ళ దగ్గరికెళ్ళి, "అర్జెంటండీ బాబూ, కొంచెం తొందరగా కదిలించండి" అని బతిమాలాను! బొచ్చు మీద నేనే చెంబుడు నీళ్ళు పోసుకున్నట్టయింది. ఆ సంబంధమే కుదిరింది, ఈ జవాబులో అక్షరదోషాలు దిద్దేది ఆవిడే. అయినా గుర్తు అడిగింది దేవుడి మాట కోసం కాదు, నా మనసు అప్పటికే వెళ్ళిపోయిన చోటికి ఒక ముద్ర కోసం. మీ మనసు కూడా లీజు డబ్బు వైపు వెళ్ళిపోయిందేమో చూసుకోండి. డబ్బు కావాలనుకోవడం నేరం కాదు, దానికి నూతన క్రియ అని పేరు పెట్టనక్కర్లేదంతే.

ఇప్పుడు తోడికోడలి చేను. రొయ్యలకి ఉప్పునీళ్ళు పెడతారు. ఆ ఊట గట్టు కిందుగా పక్క చేలోకి దిగితే చౌడు తేలుతుంది, వరి ఎర్రబడుతుంది, గట్టు మీద కొబ్బరి ఆకు మాడుతుంది. ఇవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు, ఒకవైపు చెరువులున్నాయన్నారు కదా. నిర్గమకాండము 22:5 చూడండి. మన పశువు వేరొకరి చేను మేస్తే మన చేలో మంచి పంటతో ఆ నష్టం పూడ్చాలని ధర్మశాస్త్రం. ఉప్పునీళ్ళు కూడా మేస్తాయమ్మా. దీనికి కార్డు అక్కర్లేదు, ప్రవచనం అక్కర్లేదు, ఇది ఎప్పుడో చెప్పేసిన మాట. ఇలా చెప్పేసినవాటి దగ్గర ఆగకుండా చెప్పనిదాని కోసం ఉపవాసం చేస్తే నిద్రెలా పడుతుంది?

చెరువులన్నీ పాపమని నేననట్లేదు, మా సంఘంలో చాలామంది బతుకు వాటి మీదే. లూకా 14:28లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలన్నది ప్రభువే. కాబట్టి మీరూ చూసుకోండి: మత్స్యశాఖ వాళ్ళ అనుమతి వస్తుందా, లీజు అయ్యాక గట్లు తీసి నేల చదును చేసేది ఎవరు, రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి ఆయన మధ్యలో వదిలేసి పోతే ఏంటి, ఆ నేలలో మళ్ళీ వరి పండటానికి ఎన్నేళ్ళు పడుతుంది. అడగడం అవిశ్వాసం కాదు. అత్తగారు ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. అడిగారా అసలు? ఆ నేల మీద మీకంటే ఎక్కువ వరదలు చూసిన మనిషావిడ.

1836లో ఇంగ్లాండు నుంచి బయల్దేరి మన నరసాపురం ప్రాంతానికి మిషనరీలుగా వచ్చినవాళ్ళలో బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. గ్రోవ్స్ అనే మిషనరీ వాళ్ళ సంఘానికొచ్చి ఇక్కడి అవసరం చెబితే విని, పెళ్ళాలతో సహా ఓడెక్కారు. అవసరం వినపడింది, వెన్నంటి సంఘం ఉంది. మార్గదర్శనం చాలాసార్లు ఇలా మామూలుగానే వస్తుంది. ముందు తోడికోడలితో కూర్చుని మాట్లాడండి, ఫోన్లో కాదు, ఎదురుగా. ఆవిడ ఏమందో నాకు రాయండి.

ప్రశ్న: ఏ కోర్సులో చేరాలో తేలక రెండు చీటీలు వేద్దామనుకుంటున్నాను. ఇస్కరియోతు యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయని అలాగే ఎన్నుకున్నారుగా?
– ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: ఎన్నుకున్నారు బాబూ, అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో ఉంది. ముందు అర్హత చూశారు, యోహాను బాప్తిస్మం నాటి నుంచీ ప్రభువుతో తిరిగినవాడై ఉండాలన్నారు, అలా ఇద్దరు తేలాక ప్రార్థన చేసి చీట్లేశారు. ఆ తర్వాతి అధ్యాయంలోనే పరిశుద్ధాత్మ దిగివచ్చాడు, ఇక అపొస్తలులు మళ్ళీ చీట్లేసినట్టు ఎక్కడా లేదు. నీకేది వచ్చో నీ లెక్చరర్లకి తెలుసు, వెళ్ళి అడుగు. కోర్సుల పేర్లు కూడా రాయలేదు నువ్వు. ఫీజు కట్టే ఆఖరి తేదీ ఎప్పుడో ముందు అది చూసుకో.