మీ నాన్నకి బట్టలు పెట్టే పండగ

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య దీవెనలు.

"ఈ సంక్రాంతికి నాన్నకి బట్టలు ఎలా పెట్టాలి అత్తయ్యా" అని మొన్న ఫోన్లో అడిగావు. గొంతు పూడుకుపోయి సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మీ నాన్న పోయిన ఏడాది కాబట్టి, పోయిన సంక్రాంతికి మీ ఇంట మూకుడు పెట్టలేదు. అరిసెలు నేనే వండి పంపాను. ఇప్పుడు సంవత్సరీకం అయిపోయింది, పండగ చేసుకోవచ్చు. చెయ్యబుద్ధి కావట్లేదని మీ అమ్మ అంటోందట. మీ మామయ్య పోయినప్పుడు నేనూ అదే అన్నాను. అయినా చెయ్యండి. పెద్దల్ని తలుచుకోవడానికి మనకున్న పండగే ఇది.

హైదరాబాదులోనే ఫొటో ముందు పెట్టేసుకుంటానన్నావు. ఈ ఒక్కసారికి వద్దు నాన్నా, ఊరు రా. ఇప్పుడు రైలు టికెట్లు 60 రోజుల ముందు ఇస్తున్నారు కదా, జనవరి 11 నాటి రైలుకి నవంబరు రెండో వారంలోనే చూసుకో. రాజమండ్రిలో దిగితే రావులపాలెం మీదుగా వచ్చేయొచ్చు. ఏడాదిగా తాళం వేసిన ఇల్లు, బూజులు దులిపి కడుక్కోవడానికే రెండు రోజులు పడుతుంది.

బట్టల సంగతి. మీ నాన్న ఏం కట్టుకునేవాడో అదే కొను. వాడు జన్మలో ప్యాంటు తొడగలేదు. సన్నంచు తెల్ల పంచె, కండువా, పొట్టిచేతుల చొక్కా. చొక్కాకి పైజేబు ఉండాలి, కళ్ళజోడు పెట్టుకోవడానికి. ఖరీదు చూడకు, జేబు చూడు. పండగనాడు తలంటు పోసుకుని, కొత్తబట్టల మూలలకి పసుపు రాసి, ఫొటో ముందు పీట మీద పెట్టు. దీపం వెలిగించి, అరిటాకులో అన్నీ వడ్డించు. గుమ్మడికాయ పులుసు, గారెలు, కొత్తబియ్యం పరమాన్నం. కంద బచ్చలి కూర మరిచిపోకు, ఆవ కాస్త ఘాటుగా పెట్టించు. వాడు ఇంకేది లేకపోయినా ఊరుకునేవాడు గానీ, ఆ కూరలో ఆవ తగ్గితే ముద్ద దిగేది కాదు. సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా వేసి, కాసేపు అందరూ బయటికి వచ్చేయండి. తర్వాత కాకికి ముద్ద పెట్టి, మీరు తినండి. ఆ పంచె నువ్వే కట్టుకో. కట్టుకోవడం రాదంటే నేను కడతాను, చిన్నప్పుడు మీ నాన్నకి కట్టింది నేనే.

తలుపు వేసి బయట నుంచున్న ఆ పది నిమిషాలూ కష్టంగా ఉంటుంది. ఏడుపొస్తే ఏడువు. పిల్లాడు చూస్తాడని దాచుకోకు. తాతకి చొక్కా జేబు ఎందుకో ఆ టైములోనే వాడికి చెప్పు.

అసలు చెప్పాలనుకున్నది మీ అమ్మ గురించి. మీ మామయ్య పోయాక మొదటి సంక్రాంతికి నన్ను వెనక గదిలో కూర్చోమన్నారు. పీట వాల్చే దగ్గరికి రానివ్వలేదు. నలభై ఏళ్లు ఆయనకి వండిపెట్టిన దాన్ని, ఆయన విస్తరి ఎవరో వడ్డిస్తుంటే గోడ అవతల నుంచి గరిటె చప్పుడు విన్నాను. ఇప్పటికీ ఆ చప్పుడు నాకు వినపడుతుంది. మన ఇంట్లో అది జరగకూడదు. పీట మీ అమ్మ చేత వేయించు. బట్టలకి పసుపు ఆవిడే రాయాలి, విస్తట్లో మొదట ఆవిడే వడ్డించాలి. ఎవరైనా నోరు విప్పితే అత్తయ్య చెప్పిందని చెప్పు, నేను పక్కనే ఉంటాను. అరిసెల పాకం కూడా ఆవిడకే వదిలెయ్యండి. చిన్న గిన్నెలో నీళ్లు పోసి, పాకం బొట్టు వేసి, వేళ్లతో మెత్తగా ఉండ కడుతుందా లేదా అని చూస్తుందే, ఆ చూసే క్షణంలో మీ అమ్మ మొహం మళ్లీ మామూలుగా అవుతుంది. కోడల్ని పక్కన కూర్చుని నేర్చుకోమను.

తమ్ముడితో పొలం మాట ఆ నాలుగు రోజులూ ఎత్తకు. పండగ పోయాక నేనే ఇద్దర్నీ కూర్చోబెడతాను.

ఇంకొకటి, తిథి. వాడు పోయింది ఆశ్వయుజ బహుళ పంచమి. ఫోన్లో ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే ఏటా తప్పుతుంది. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది కాబట్టి 14, 15 తేదీల దగ్గరే ఉంటుంది గానీ తిథి అలా కాదు. ఏటా పంచాంగం చూసి రాసుకో.

కనుమ నాడు తిరుగు ప్రయాణం పెట్టుకోకు. పిల్లాణ్ని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళదాం. పదకొండు ఊళ్ల వాళ్లు శివుణ్ని పెట్టి భుజాల మీద మోసుకొచ్చే ప్రభలన్నీ అక్కడికి వస్తాయి కదా, మన గంగలకుర్రు ప్రభ కౌశిక ఏట్లో దిగి రావాలి. మీ నాన్న ఇరవై ఏళ్లు దానికి భుజం పట్టాడు. పీకల్లోతు నీళ్లలో "శరభ శరభ" అని అరుస్తుంటే, ఆ గోలలో కూడా వాడి గొంతు గట్టు మీద ఉన్న నాకు విడిగా వినపడేది. కుడి భుజం మీద కాయ కాసి ఉండేది, చూశావా ఎప్పుడైనా? పిల్లాడికి ఆ గట్టు చూపిస్తాను.

టికెట్లు దొరగ్గానే ఫోన్ చెయ్యి. మీరు దిగే రోజు తెలిస్తే, ముందు రాత్రే బియ్యం నానబోస్తాను.

మీ అత్తయ్య