ల్యాడర్ ఫ్రేమా, మోనోకాకా?

ప్రశ్న: అమెరికాలో ట్రక్కు ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఇనుప చట్రం, అదే ల్యాడర్ ఫ్రేమ్) మీద కట్టిన మధ్యతరహా ఎస్‌యూవీలు ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించేవి. ఇప్పుడు ఒకటీ అరా తప్ప లేవు. పెట్రోలు ధరే కారణమా?

జవాబు: 2008 వేసవిలో అక్కడ గ్యాలన్ 4 డాలర్లు దాటి గట్టి దెబ్బే కొట్టింది. కానీ కొనేవాళ్ల మనసు అంతకుముందే మారింది. వాళ్లలో చాలామందికి కావలసింది ఎత్తైన సీటు, సామానుకు చోటు, మంచులో నాలుగు చక్రాల పట్టు. టయోటా ఆర్‌ఏవీ4, హోండా సీఆర్-వీ, లెక్సస్ ఆర్‌ఎక్స్ 1990లలోనే వీటిని కారు మెత్తదనంతో ఇచ్చేశాయి. ఇవి మోనోకాక్‌లు, అంటే విడి ఫ్రేమ్ లేకుండా బాడీయే బరువంతా మోసేవి.

ఫ్రేమ్‌తో మరో చిక్కు చోటు. బండి ఫ్లోర్ ఫ్రేమ్ పట్టాల పైన కూర్చుంటుంది. వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) పైకీ కిందికీ ఆడటానికి ఖాళీ వదలాలి. దాంతో మూడో వరుసలో మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి. 2002 మోడల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోర్డ్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడేది) పెట్టి, యాక్సిల్ షాఫ్టుల కోసం ఫ్రేమ్ పట్టాలకే రంధ్రాలు చేసింది. తెలివైన పనే, కానీ అంత అవస్థ పడేకంటే ఫ్రేమ్ తీసేస్తే పోతుంది కదా! 2011 మోడల్‌లో అదే చేసింది. షెవ్రొలే ట్రెయిల్‌బ్లేజర్ 2009తో ఆగింది, నిస్సాన్ పాత్‌ఫైండర్ 2013లో మోనోకాక్ అయింది. టయోటా 4రన్నర్ ఫ్రేమ్‌తోనే నిలబడింది. 2021లో ఫోర్డ్ బ్రాంకో తిరిగొచ్చింది, కానీ కొండదారుల మోజున్నవాళ్ల కోసం.

ప్రశ్న: 2007 మోడల్ పాత్‌ఫైండర్ అమ్మకానికి ఉంది. ఏం చూడాలి?

జవాబు: ముందు కూలెంట్. 2005-2010 బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిట్లితే ఆయిలూ కూలెంటూ కలిసిపోతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీయండి. గులాబీరంగు పాలలాంటి చిక్కటి ద్రవం కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. కూలెంట్‌లోని గ్లైకాల్ గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్ల లైనింగ్‌ను ఊడదీస్తుంది, రేడియేటర్ ఒక్కటి మారిస్తే సరిపోదు. కూలెంట్ శుభ్రంగా ఉంటే కొన్న వెంటనే రేడియేటర్ మార్పించండి, లేదా గేర్‌బాక్స్ ఆయిల్‌కు బయట వేరే కూలర్ పెట్టించండి.

తర్వాత తుప్పు. వెనక చక్రాల పైన, సస్పెన్షన్ బ్రాకెట్లు వెల్డింగ్ చేసిన చోట్ల చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలికి పెచ్చులు రాలుస్తుంది. పాత బండి కింద కొత్తగా నల్లరంగు మెరుస్తుంటే రెండింతలు అనుమానించండి.

ప్రశ్న: ట్రెయిలర్ లాగాలంటే ఫ్రేమ్ ఉన్న బండే కావాలా?

జవాబు: 5,000 పౌండ్ల లోపు అయితే అక్కర్లేదు. 2013 పాత్‌ఫైండర్ వీ6, ఫ్రేమ్ ఉన్న అప్పటి 4రన్నర్ వీ6, రెండింటి పరిమితీ అంతే. కొక్కెం మీద పడే బరువు మాత్రం మర్చిపోకండి. ట్రెయిలర్ బరువులో అది 10-15 శాతం, అంటే 500 నుంచి 750 పౌండ్లు. బండి మోయగలిగే బరువులోంచి దాన్ని తీసేశాకే మనుషులూ సామానూ ఎంతో లెక్కేయాలి.