ఉలి జారిపోతోంది, భార్యను పుట్టింటికి పంపేయాలా?

ప్రశ్న: నా వయసు 31. వడ్రంగిని. ఏడాది కిందట కుడి చేతిలోంచి ఉలి జారడం మొదలైంది. నరం నొక్కుకుందేమో అనుకున్నాం. చివరికి ఏఎల్ఎస్ అనే నరాల జబ్బని తేల్చారు, నయం కాదన్నారు. నా భార్యకు 27, పాపకు 4 ఏళ్లు. నాకు చాకిరీ చేస్తూ ఆమె బతుకు పాడవకూడదు. పుట్టింటికి పంపేయాలనుకుంటున్నాను. ఈ మాట ఎలా చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆమె వయసు రాశారు, మీ భయం రాశారు. ఆమె ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. అడగలేదు కదూ? మీరు ప్రేమతోనే అనుకున్నా, ఆమె బతుకు మీద తీర్పు మీరొక్కరే చెప్పేస్తున్నారు. "వెళ్లిపో" అనకండి. "నాకు భయంగా ఉంది, నీకెలా ఉంది?" అని అడగండి. ఉంటానన్నా, అలసిపోతున్నానన్నా, రెండూ వినండి. ఉంటానంటే బరువంతా ఆమె ఒక్కదాని మీదే పడనివ్వకండి. ఏ పూట ఎవరు తోడుండాలో అయినవాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఈ జబ్బులో కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోతుంటాయి. చూపు, వినికిడి, స్పర్శ సాధారణంగా నిలుస్తాయి. లక్షణాలు మొదలయ్యాక చాలామంది 2 నుంచి 5 ఏళ్లు బతుకుతారు, 10 మందిలో ఒకరు 10 ఏళ్లు దాటుతారు. రిలుజోల్ అనే మందు ఆయుష్షుకు కొన్ని నెలలు కలపగలదు, అంతే. నయం చేస్తామనేవాళ్లకు దాచుకున్న డబ్బు ధారపోయకండి.

ఆలస్యమైతే చేయలేని పనులున్నాయి. మాట స్పష్టంగా ఉండగానే గొంతు రికార్డు చేయించండి. తర్వాత కంటి కదలికతో నడిచే యంత్రం ఆ గొంతుతోనే పలుకుతుంది. మింగడం కష్టమైతే పొట్టలోకి గొట్టం వేస్తారు. ఊపిరి బాగా తగ్గకముందే వేయించుకోవడం మేలు. రాత్రిళ్లు ఊపిరికి సాయపడే బైపాప్ మాస్క్ ఎప్పుడు మొదలుపెట్టాలో, వెంటిలేటర్ కావాలో వద్దో డాక్టరు దగ్గర ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. ఆపుకోలేని ఏడుపో నవ్వో వస్తే అదీ జబ్బు వల్లే కావచ్చు, మందులున్నాయి. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే ఆమెకూ డాక్టరుకూ చెప్పండి.

కరెంటు రంపం ఈరోజే పక్కన పెట్టండి, బతిమాలుతున్నాను. కానీ పని మానొద్దు. చెక్కలో గీతలు ఎటు సాగాయో వేలితో తడిమి, చిత్రిక ఎటు తోయాలో చెప్పగలరు మీరు. ఆ విద్య మీ దగ్గర నేర్చుకునే కుర్రాడికి నేర్పండి, ఫోన్లో తీయించండి. పాపను మీరు ముద్దుగా పిలిచే పిలుపూ అందులో ఉండనివ్వండి.

ఇవన్నీ రేపు చూసుకోవచ్చు. ఈ రాత్రి పాప నిద్రపోయాక భార్య పక్కన కూర్చోండి. ముందు ఆమెను మాట్లాడనివ్వండి.